తన తలుపు తానే తట్టినవాడు

అనగనగా అంటే మరీ అంత వెనక్కి వెళ్ళిపోకండి. మీ తాతకు తాత ఉయ్యాల్లో పడుకుని బొటనవేలు చీక్కుంటున్న రోజుల్లో, జీలుగుకొండ అని ఒక కొండ ఉండేది. ఇప్పుడూ ఉంది లెండి, కొండలు ఎక్కడికి పోతాయి! ఆ కొండ మధ్యలో, కాస్త చదునుగా ఉన్న చోట, పది పన్నెండు పూరిళ్ళు ఉండేవి.

ఒక వేసవి సాయంత్రం ఆ ఊరికి కింద నుంచి ఒక జంట ఎక్కి వచ్చింది. మగని పేరు పైడయ్య. ఇల్లాలి పేరు నూకాలు. ఆమె వీపున పాత చీరతో కట్టుకున్న నాలుగు నెలల పసిపిల్ల ఉంది.

ఆ పిల్ల పేరు తవిటమ్మ. అదేం పేరని నవ్వకండి. నూకాలుకు అంతకు ముందు ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఇద్దరూ ఏడాది తిరగకుండానే పోయారు. మూడో బిడ్డ పుట్టగానే వాళ్ళ ఊరి ఆనవాయితీ ప్రకారం ఆ పిల్లను పొరుగింటావిడ ఒడిలో వేసి, చేటెడు తవుడు ఇచ్చి మళ్ళీ తెచ్చుకున్నారు. తవుడుకు వచ్చిన పిల్ల కాబట్టి తవిటమ్మ. ఇంత చవక పిల్ల మీద ఏ చెడు చూపూ పడదని వాళ్ళ ఆశ. కానీ ఆ అమ్మానాన్నలకు ఆ పిల్లకంటే గొప్పది లోకంలో ఇంకేదీ లేదు.

ఆ ఏడు అకాల వానలకు ఏరు పొంగి వాళ్ళ ఊరి మీద నిలువెత్తు ఇసుక మేట వేసింది. ఇల్లు లేదు, పొలం లేదు. ఎటు పోవాలో తెలియక కొండెక్కారు. కొండ మీది వాళ్ళు మంచివాళ్ళు. ఎక్కడి వాళ్ళు, ఏమిటి అని ఆరా తీయకుండా గంజి పోశారు. ఖాళీగా ఉన్న ఒక పూరిల్లు చూపించి, "ఇందులో ఉండండి" అన్నారు.

పైడయ్య సంతోషంగా తలుపు తొయ్యబోయాడు. పక్కింటి చుక్కమ్మ అవ్వ చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు బావూ! తట్టకుండా తీసేత్తావేటి?"

"ఇందులో ఎవరూ లేరన్నారు కదా అవ్వా?"

"మనుసులు లేరన్నాం. ఎవులూ లేరని అన్నామా?"

అవ్వ వేలి కణుపులతో తలుపును మూడుసార్లు తట్టింది. "ఎవులున్నారో గానీ కాస్త జరగండి. మనుసులొస్తన్నారు" అని చెప్పింది. తర్వాత కదలకుండా నిలబడి మూడుసార్లు ఊపిరి తీసి వదిలింది. అప్పుడు తలుపు తీసింది. లోపల ఏదో సర్రున గోడ సందులోకి జారిపోయింది. దాని తోక మాత్రం కనిపించింది.

నూకాలు పిల్ల మూట ముడి ఇంకాస్త బిగించింది.

"భయపడకే తల్లీ. నీ ఇరుగుపొరుగు ఎవులో సెప్తాను, ఇనుకో" అంటూ అవ్వ అరుగు మీద కూర్చుంది. "ఎండల్లో కర్రల కింద తేలమ్మ ఉంటాది. తొలకరి పడిందంటే ఆకుల మీద జలగలొస్తాయి. ఉప్పు మూట తడిపి కాలికి రాసుకుంటే అంటుకోవు. సూరులో కందిరీగలు గూడెడతాయి. తడిగోడల్లో జెర్రి తిరుగుతాది. గడ్డిలో జెర్రిపోతు తిరుగుతాది, దానికి ఎలకలు కావాల, మనం అక్కర్లేదు. ఇంక నాగమ్మ తల్లి. ఆయమ్మ ఎక్కడుంటాదంటే, ఆయమ్మ ఇష్టం."

"ఇన్నిటి మధ్య పిల్లని ఎలా పెంచాలి అవ్వా?"

"నాను ఏడుగురిని పెంచినాను. ఏడుగురూ ఉన్నారు. తలుపు గానీ, కుండ మూత గానీ, కర్రల మోపు గానీ, దుప్పటి గానీ, ముందు మూడుసార్లు తట్టు. మూడు ఊపిర్లు ఆగు. అప్పుడు సెయ్యెట్టు. కింద మీరు ఎదుటోళ్ళ తలుపు తడతారు. ఇక్కడ ఎవులి తలుపు ఆళ్ళే తట్టుకోవాల. మనం పనికెళ్ళినప్పుడు ఇల్లు ఉత్తినే ఉంటాదా? ఇంకొకరికి పనికొస్తాది."

పైడయ్య పకపకా నవ్వాడు. "బాగుందవ్వా! నా ఇంటికి నేనే చుట్టాన్నా?"

అవ్వ కూడా నవ్వి ఊరుకుంది. కొండ మీది వాళ్ళకు తొందర తక్కువ.

ఆ మర్నాటి నుంచి నూకాలు తట్టని వస్తువు లేదు. తలుపు తట్టేది. అంబలి కుండ తట్టేది. చీపురు తట్టేది. తట్టి, "కాస్త జరగండి నాయనా" అనేది. మూడు ఊపిర్లు ఆగేది. వీపున ఉన్న పిల్ల ఇదంతా తల్లి భుజం మీదుగా చూస్తూ ఉండేది.

కొన్నాళ్ళకు ఒక వింత జరిగింది. నూకాలు తలుపు మీద టక్ టక్ టక్ మని తట్టగానే, ఆమె వీపు మీద చిన్న అరచెయ్యి టప్ టప్ టప్ మంది. నూకాలు ఉలిక్కిపడి, తర్వాత ఎంత మురిసిపోయిందో! తల్లి మూడు తడితే పిల్లా మూడు తట్టేది. ఆ పైన పిల్లకు అదే ఆట అయిపోయింది. గరిటెను తట్టేది. అవ్వగారి మేకపిల్లను తట్టేది. నాన్న దగ్గరకు తీసుకుంటే నాన్న ముక్కును తట్టేది.

నాన్న మాత్రం దేన్నీ తట్టేవాడు కాదు.

అతనికి మొదటి పాఠం చెప్పులో దొరికింది. ఒక ఉదయం చెప్పులో కాలు పెట్టాడు. లోపల తేలు పడుకుని ఉంది. అది మాత్రం ఏం చేస్తుంది? కొండంత మడమ నెత్తి మీదకు వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చుంటుందా? కుట్టింది. పైడయ్య పొద్దువాలే దాకా ఒంటికాలి మీద గెంతాడు. అవ్వ ఏదో ఆకు నూరి కట్టు కట్టింది. "తట్టావా బావూ?" అని అడిగింది. పైడయ్య పళ్ళు నూరుకున్నాడు.

పది రోజులకు నూకాలు కర్రల మోపు తట్టింది. మూడు ఊపిర్లు ఆగింది. మోపు కింద నుంచి ఒక నల్లతేలు మెల్లగా బయటకు వచ్చింది. పైడయ్య చూశాడు. "దొరికావే!" అంటూ చెప్పు ఎత్తాడు. నూకాలు అతని చెయ్యి పట్టుకుంది.

"దాని వీపు చూడు మావా."

తేలు వీపు నిండా తెల్లటి పిల్లలు. బియ్యపు గింజలంత పిల్లలు. ఒకదాన్నొకటి పట్టుకుని అమ్మ మీద కూర్చుని ఉన్నాయి. ఒకటి జారి కింద పడింది. తల్లి ఆగింది. ఆ బుల్లిది కాళ్ళు కొట్టుకుంటూ మళ్ళీ ఎక్కేదాకా ఆగింది. అప్పుడు కదిలింది.

నూకాలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వీపున తవిటమ్మ ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది. "వెళ్ళు తల్లీ. నెమ్మదిగా వెళ్ళు" అంది.

పైడయ్య చెప్పు దించాడు. దించాడు గానీ మనసులో మంట మాత్రం దించలేదు.

మూడో పాఠం తొలకరిలో దొరికింది. ఇంటి చూరు కారుతోందని పైడయ్య నిచ్చెనెక్కి, తట్టకుండా, పాతగడ్డి పట్టుకుని లాగాడు. గడ్డితో పాటు కందిరీగల గూడూ వచ్చింది. ఆ తర్వాత నాలుగు రోజులు పైడయ్యను అతని మొహం చూసి ఎవరూ గుర్తు పట్టలేదు. ఊళ్ళో పిల్లలు గొంతు విని గుర్తు పట్టేవాళ్ళు. మీకు నవ్వొస్తోంది కదూ? నవ్వండి, పర్వాలేదు. పైడయ్యకు మాత్రం నవ్వు రాలేదు.

వాచిన కళ్ళతోనే అతను నూకాలుతో అన్నాడు, "నన్ను కుట్టాయి, సరే. రేపు పిల్లని కుడితే? ఇద్దరిని ఏటి ఒడ్డున పూడ్చి వచ్చాను. మూడోదాన్ని ఈ కొండకు ఇవ్వను. ఎండలు రానీ, ఇంటి వెనక చెట్టూచేమా మొత్తం తగలబెట్టేస్తాను. పసుపు వేసుకోవడానికి చోటు వస్తుంది. ఈ పురుగూపుట్రా పీడా పోతుంది."

అతను చెడ్డవాడు కాదు పిల్లలూ. భయపడినవాడు. భయం ఎక్కువైతే మంచివాళ్ళ చేతిలోకి కూడా నిప్పు వస్తుంది.

వానలు వెళ్ళాయి. చలి వచ్చి వెళ్ళింది. తవిటమ్మ పాకింది, కూర్చుంది, గోడ పట్టుకుని తప్పటడుగులు వేసింది. ఏడాది నిండింది. ఆ రోజు నూకాలు పిల్లను చాలాసేపు హత్తుకుని కూర్చుంది. ఫాల్గుణ మాసం వచ్చేసరికి కొండంతా ఎండాకులతో గలగలలాడింది.

కొండ మీద కూడా పోడు సాగు కోసం పొదలకు నిప్పు పెడతారు. కానీ అక్కడొక కట్టుబాటు ఉంది. నిప్పు పెట్టేముందు మూడు రోజులు, పొద్దున్నే ఇంటిల్లిపాదీ కర్రలు పట్టుకుని ఆ పొదల చుట్టూ నేలను తడుతూ తిరుగుతారు. "లెగండి, పిల్లల్ని తీసుకుని లెగండి" అని చెబుతూ తిరుగుతారు. ఆ తర్వాతే నిప్పు.

పైడయ్య ఒప్పుకోలేదు. "పగవాడికి ముందే కబురు పంపేవాడిని ఎక్కడైనా చూశావా? చెప్పకుండా పెడతాను. రేపు పొద్దున్నే పెడతాను."

నూకాలు అతని ఎదురుగా కూర్చుంది. "మూడు రోజులు వద్దు మావా. మూడుసార్లు చాలు. అక్కడ కూలిపోయిన పనస మాను ఉంది కదా, తొర్రపడినది. అది ఒక్కటీ తట్టు. నాకోసం తట్టు. పిల్లల తల్లి ఎవరైనా ఉంటే వెళ్ళిపోతుంది."

ఆమె అతన్ని ఏనాడూ ఏదీ అడగలేదు. చీర అడగలేదు, పూస అడగలేదు. ఊరు మునిగిన రోజున కూడా, ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడగలేదు. పైడయ్య "సరేలే" అన్నాడు చివరికి.

తెల్లవారింది. నూకాలు కుండ తీసుకుని ఊటకు బయలుదేరింది. "పిల్ల నిద్రపోతోంది మావా, ఒక కన్నేసి ఉంచు" అని చెప్పి వెళ్ళింది.

పైడయ్య లోపలికి తొంగి చూశాడు. చాప మీద బొంత ఉబ్బెత్తుగా ఉంది. పిల్ల పడుకునే ఉందనుకున్నాడు. ఆ బొంతను ఒక్కసారి తట్టి ఉంటే తెలిసేది, అందులో ఎవరూ లేరని. తవిటమ్మ అప్పటికే లేచింది. వెనక వాకిలి దాటి, మేకపిల్ల పోయిన దారిన పాకుతూ పోయింది.

పొయ్యిలోంచి మండుతున్న కొరివి ఒకటి తీసుకుని, భుజాన గొడ్డలి వేసుకుని, పైడయ్య పొదల దగ్గరకు వెళ్ళాడు. పనస మాను నేల మీద అడ్డంగా పడి ఉంది. దాని తొర్ర లోపల చీకటిగా ఉంది. చుట్టూ మోకాలి లోతు ఎండాకులు.

మాట ఇచ్చాడు కదా, తట్టాలి. కానీ వేళాకోళంగా తట్టాడు. "లోపల ఎవరండీ? పైడయ్యగారు నిప్పు తెచ్చారు. లేచి దండం పెట్టండి!"

టక్. టక్. టక్.

లోపలి నుంచి జవాబు వచ్చింది.

టప్. టప్. టప్.

పైడయ్య నవ్వు ఆగిపోయింది. వడ్రంగిపిట్ట ఏమో అనుకున్నాడు. చుట్టూ చూశాడు. ఈసారి వేళాకోళం లేకుండా, మెల్లగా తట్టాడు.

టక్. టక్. టక్.

టప్. టప్. టప్. దాని వెనకే కిలకిలమని చిన్న నవ్వు.

ఆ నవ్వు ఎవరిదో తండ్రికి తెలియదా? చేతిలోని కొరివి జారి ఎండాకుల్లో పడింది. ఆకులు భగ్గుమన్నాయి. పైడయ్య రెండు కాళ్ళతో ఆ మంటను తొక్కాడు. పిచ్చివాడిలా తొక్కాడు. చేతులతో మట్టి తోడి పోశాడు. మంట ఆరింది. అరికాళ్ళు బొబ్బలెక్కిన సంగతి అతనికి మర్నాడు గానీ తెలియలేదు.

"తవిటీ!" అంటూ తొర్రలోకి చెయ్యి పెట్టబోయాడు.

తొర్ర గుమ్మంలో నాగుపాము పడగెత్తి నిలబడింది.

దాని వెనక, చీకట్లో, రెండు బుల్లి కళ్ళు మెరుస్తున్నాయి.

గొడ్డలి భుజాన్నే ఉంది. ఎత్తి వెయ్యడానికి ఒక్క క్షణం చాలు. కానీ దెబ్బ తప్పితే? దెబ్బ తిన్న పాము వెనక్కి తిరిగితే? అప్పుడు పైడయ్యకు అవ్వ మాట గుర్తుకొచ్చింది. వీపు నిండా పిల్లలతో, పడిపోయిన దానికోసం ఆగిన తేలు గుర్తుకొచ్చింది. ఏడాది పొడుగునా ఇంట్లో వినిపించిన టక్ టక్ టక్ గుర్తుకొచ్చింది.

గొడ్డలి దూరంగా పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూడోసారి మానును తట్టాడు.

"నాగమ్మ తల్లీ, కాస్త జరుగమ్మా. లోపల మా పిల్ల ఉంది."

ఇక ఆగాలి. మూడు ఊపిర్లు. అతను తన బతుకులో అంత పొడుగాటి ఊపిర్లు ఎన్నడూ తియ్యలేదు.

మొదటి ఊపిరికి పడగ కదల్లేదు.

రెండో ఊపిరికి లోపల తవిటమ్మ మానును మళ్ళీ తట్టింది. టప్, టప్, టప్. నాన్న ఆడుకోవడానికి వచ్చాడనుకుంది పాపం. పైడయ్య గొంతు దాకా వచ్చిన కేకను మింగేశాడు.

మూడో ఊపిరికి పడగ దిగింది. పాము పలికింది.

"ఓ మనిషీ, నీ బిడ్డ ఈ గుమ్మాన్ని తట్టి లోపలికి వచ్చింది. మూడుసార్లు తట్టింది. నేను జరిగి చోటిచ్చాను. ఇంతలో పొగ వాసన వచ్చింది. పిల్ల నిప్పువైపు పాకుతుందేమోనని గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. నిన్ను చూసి భయపడి పడగ ఎత్తాను. నీకూ భయమే, నాకూ భయమే. నువ్వు తట్టావు, ఆగావు. నాకు అది చాలు."

అంత మాట చెప్పి, నాగుపాము మాను పక్కగా జారి, ఎండాకుల కిందుగా కొండపైకి వెళ్ళిపోయింది.

తొర్రలోంచి తవిటమ్మ పాకుతూ బయటికి వచ్చింది. మొహం నిండా దుమ్ము. నాన్నను చూసి నవ్వింది. అతని ముక్కు మీద టప్ టప్ టప్ మని తట్టింది. పైడయ్య పిల్లను గుండెకు అదుముకుని ఆ మసిలో కూర్చుండిపోయాడు.

నీళ్ళకుండతో తిరిగి వచ్చిన నూకాలు, ఇంట్లో ఎవరూ లేకపోయేసరికి కుండ చంకన ఉండగానే అక్కడికి పరుగెత్తుకొచ్చింది. పైడయ్య ఏదీ దాచలేదు. బొంత సంగతి చెప్పాడు, వేళాకోళం సంగతి చెప్పాడు, కొరివి సంగతి చెప్పాడు. "నువ్వు అడగకపోతే తట్టేవాణ్ణి కాదే" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దగా ఏడ్చాడు.

నూకాలు తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. పక్కన కూర్చుని, తన కొంగు తడిపి ముందు పిల్ల మొహం తుడిచింది, తర్వాత అతని మొహం తుడిచింది.

ముగ్గురూ ఇంటికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. నూకాలు అలవాటుగా చెయ్యి ఎత్తింది. పైడయ్య ఆమె చెయ్యి మెల్లగా దించాడు. తను ముందుకు వచ్చి, తన తలుపును తానే తట్టాడు.

టక్. టక్. టక్.

"ఎవరున్నారో గానీ, కాస్త జరగండి నాయనా. మేమొచ్చాం."

అరుగు మీద చోడిగింజలు చెరుగుతున్న చుక్కమ్మ అవ్వ తలెత్తి చూసింది. చేట ఆపింది. "ఏటి బావూ, నీ ఇంటికి నువ్వే సుట్టానివా?" అంది.

"అవునవ్వా, చుట్టాన్నే" అన్నాడు పైడయ్య. తర్వాత పిల్లను భుజాన వేసుకుని, మూడు ఊపిర్లు ఆగాడు.

ఆ పనస మానును వాళ్ళు కాల్చలేదు. దాని పక్కనే మూడు రోజులు నేల తట్టి, చేత్తో పొదలు కొట్టి, పసుపు వేసుకున్నారు. తవిటమ్మ పెరిగి పెద్దదై, తన మనవలకు కూడా తట్టడం నేర్పింది. జీలుగుకొండ మీద ఇప్పటికీ ఎవరి తలుపు వాళ్ళే తట్టుకుంటారట.

ఈ నేల మన ఒక్కరిదే కాదని తెలిసి, చెయ్యి పెట్టేముందు తట్టి ఆగేవాడే, తన వాళ్ళనూ తోటి ప్రాణులనూ కూడా కాపాడుకుంటాడు.